ఎర్రకొండ మీది సర్వేయరు – జాన్ వారెన్



కోలారు జిల్లాలో పుట్టి పెరిగినవాళ్ళకు ఒక ప్రశ్న బాగా అలవాటు. బెంగళూరు వెళ్ళినా అడుగుతారు, తిరుపతి వెళ్ళినా అడుగుతారు. "మీరు ఎవరు? తెలుగువాళ్ళా, కన్నడంవాళ్ళా?" అని. మనలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కె.జి.ఎఫ్. బజారుకు వెళితే తమిళం. సంతలో బేరం ఉర్దూలో సాగినా ఆశ్చర్యం లేదు. ఇన్ని పెట్టుకుని ఒక్క మాటలో జవాబు చెప్పమంటే ఏం చెబుతాం?

ఈ రోజు మీకు పరిచయం చేయబోయే మనిషిని ఎవరైనా ఇదే ప్రశ్న అడిగివుంటే ఆయన కూడా కాసేపు ఆలోచించి వుండేవాడు. ఆయన వంశం ఐర్లండుది. పుట్టింది ఇటలీలో. ఫ్రాన్సు రాజుకు విధేయుడైన ప్రభువుల కుటుంబం. కొలువు చేసింది ఫ్రాన్సుకు బద్ధశత్రువైన ఇంగ్లండు సైన్యంలో. కన్నుమూసింది పుదుచ్చేరిలో. మధ్యలో మన కోలారు నేల మీద కొంతకాలం నడిచాడు. ఆ నడక వల్లనే ఈ జిల్లా చరిత్ర మలుపు తిరిగింది. ఆయన పేరు జాన్ వారెన్.

అసలు పేరు చాలా పొడుగైనది. జాఁ బాప్టీస్త్ ఫ్రాన్స్వా జోసెఫ్ ద వారెన్. 1769లో ఇటలీ తీరంలోని లివోర్నో పట్టణంలో పుట్టాడు. పూర్వీకులు ఐర్లండు వదిలి ఫ్రాన్సు చేరి అక్కడే స్థిరపడి, ప్రభువుల వరసలో కలిసిపోయినవాళ్ళు. అంటే వలస ఆయనతో మొదలు కాలేదు, ఇంటి ఆస్తిగానే వచ్చింది. 1789లో ఫ్రాన్సులో విప్లవం వచ్చింది. రాజుల మీద, ప్రభువుల మీద జనం తిరగబడ్డారు. దొరల కుటుంబాలు ఎటు దారి దొరికితే అటు పారిపోయాయి. అప్పటికి ఇరవై యేళ్ళ యువకుడైన వారెన్ ఓడలు ఎక్కి, సముద్రాలు దాటి, 1790లలో మన దక్షిణ దేశం చేరాడు.

చేరినవాడికి బతుకుతెరువు కావాలి. చదువు వుంది, లెక్కలు వచ్చు, గుర్రపు స్వారీ వచ్చు. కొలువిచ్చే దిక్కు మాత్రం ఒక్కటే కనబడింది. అది ఇంగ్లీషువాళ్ళ సైన్యం. 1793 నుంచి ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ యుద్ధం. ఆ యేడే ఇంగ్లీషువాళ్ళు పుదుచ్చేరిని పట్టుకున్నారు. అలాంటి రోజుల్లో ఒక ఫ్రెంచి ప్రభువు ఇంగ్లీషువాళ్ళ ఎర్రకోటు తొడుక్కున్నాడు. తన దేశంలో తనవాళ్ళకు తాను శత్రువైపోయాడు. శత్రువుల శిబిరంలో భోజనం దొరికింది. ఆయన చేరిన 33వ కాల్బల రెజిమెంటుకు అప్పుడు నాయకుడు ఆర్థర్ వెల్లెస్లీ. తరువాతి కాలంలో 1815లో వాటర్లూ దగ్గర నెపోలియన్‌ను ఓడించిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ ఈయనే.

1799 మే నెల 4వ తేదీన శ్రీరంగపట్నం కోట కూలింది. టిప్పు సుల్తాను నేలకొరిగాడు. ఆ ముట్టడిలో వారెన్ ఇంగ్లీషు పక్షాన వున్నాడు. కోట లోపల టిప్పు తరపున కొంతమంది ఫ్రెంచి సైనికులు వున్నారు. గోడకు ఒకవైపు విప్లవాన్ని నమ్మిన ఫ్రెంచివాళ్ళు, రెండోవైపు విప్లవానికి బెదిరి పారిపోయివచ్చిన ఫ్రెంచివాడు. ఆ కావేరి ఒడ్డున ఎవరిది ఏ పక్షమో చెప్పడం ఎంత కష్టమో చూడండి.

యుద్ధం ముగిసింది. మైసూరు రాజ్యాన్ని పంచుకున్నారు. కొంత నిజాముకు, కొంత కంపెనీకి పోగా, మిగిలిన ముక్కకు పసివాడైన కృష్ణరాజ ఒడయరును రాజును చేశారు. పాలన పూర్ణయ్య చేతికి వచ్చింది. ఇలా పంచినప్పుడు ఎక్కడిదాకా ఎవరిది అన్న తగవు రాకుండా హద్దులు కొలవాలి గదా. అందుకోసం సర్వే మొదలయింది. కాలిన్ మెకంజీ మైసూరు సర్వే నడిపిస్తున్నాడు. ఆయన వెంట ఏలూరు తెలుగువాడైన కావలి వెంకట బొర్రయ్య వుండి, శాసనాలు చదివి, ఊరి పెద్దలతో మాట్లాడి, సమాచారం పోగుచేసి ఇచ్చాడు. 1803లో చిన్న వయసులోనే పోయాడు పాపం. మరోవైపు విలియం లాంబ్టన్ అనే గణితవేత్త దేశమంతటినీ త్రికోణాలుగా కొలిచే మహా యత్నానికి పూనుకున్నాడు. ఆయన కూడా 33వ రెజిమెంటువాడే. లెక్కల్లో గట్టివాడైన వారెన్‌కు లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా పని దొరికింది. అలా కత్తి పట్టిన చేతికి గొలుసు, దుర్బిణి వచ్చాయి.

1802 ఆరంభంలో వారెన్‌కు అప్పగించిన పని మైసూరు తూర్పు హద్దు కొలవడం. శ్రోతలు గమనించాలి. ఒకవైపు కోలారు, రెండోవైపు పుంగనూరు, పలమనేరు, కుప్పం సీమలు. ఈనాడు మనం బస్సు ఎక్కి దాటుతున్న రాష్ట్రాల హద్దుకు మూలం ఆ రోజుల్లో పడిన గీతలోనే వుంది. గీతకు రెండు పక్కలా అదే భాష, అవే పెళ్ళి సంబంధాలు, అవే గంగజాతరలు. గీత గీస్తున్నవాడికేమో సొంత ఊరంటూ లేదు.

బూదికోట పేరు మీరు వినేవుంటారు. హైదరలీ పుట్టిన ఊరు. దానికి తూర్పుగా వెళితే ఒక చిన్న కొండ. ఎర్రకొండ. పేరులోనే తెలుగు వుంది. కొలతల కోసం ఆ కొండ మీద గుర్తు జెండా పాతించే పనిలో వుండగా వారెన్ చెవిన ఒక మాట పడింది. ఈ చుట్టుపక్కల మట్టిలో బంగారం దొరుకుతుందని జనం అనుకుంటున్నారట. ఊళ్ళో అనుకునే మాట. ఎవరూ గట్టిగా చెప్పరు. అడిగితే తప్పించుకుంటారు. దొరలకు చెబితే ఏం ముంచుకొస్తుందో అని భయం కూడా వుండివుంటుంది.

ఇక్కడ వారెన్ చేసిన పని చిన్నదే గాని గుర్తుపెట్టుకోదగ్గది. విన్న మాటను కొట్టిపారేయలేదు. బంగారం దొరికే చోటు చూపించినవాళ్ళకు బహుమానం ఇస్తానని చాటించాడు. కొద్ది రోజులకే ఊరిగాం గ్రామస్థులు బండ్లతో మట్టి తెచ్చి ఆయన గుడారం ముందు దించారు. చూడబోతే మామూలు మట్టి. ఆడవాళ్ళు ఆ మట్టిని చెక్క పలకల మీద వేసి, నీళ్ళు పోసి, కదిపి కదిపి కడిగారు. మన్ను నీళ్ళతో పోయింది. అడుగున నల్లటి ఇసుక మిగిలింది. ఆ ఇసుకలో పసుపుపచ్చని నలుసులు మెరిశాయి.

వారెన్ అంతటితో ఆగలేదు. మారికుప్పం వెళ్ళాడు. అక్కడ ఆయన చూసింది ఇంకా ముఖ్యమైనది. నాటి సమాజం ఊరవతల పెట్టిన కులాలవాళ్ళు భూమిలోకి గుంటలు తవ్వి దిగుతున్నారు. కొన్ని గుంటలు ముప్ఫై అడుగులు, కొన్ని యాభై అడుగుల దాకా వున్నాయి. లోపల మగవాళ్ళు రాయి పగలగొట్టి బుట్టల్లో వేస్తారు. మధ్య మధ్య నిలబడినవాళ్ళు ఆ బుట్టలను చేతి నుంచి చేతికి అందిస్తూ పైకి చేరుస్తారు. పైన ఆడవాళ్ళు ఆ రాళ్ళను పెద్ద బండ మీద వేసి పొడి అయ్యేదాకా దంచుతారు. ఆ పొడిని బావి దగ్గరికి మోసుకుపోయి కడుగుతారు. ఇదంతా వారెన్ కళ్ళారా చూసి, లెక్క వేసి, నివేదికలో రాశాడు.

ఆ లెక్క వినండి. సుమారు 120 పౌనుల మట్టి కడిగితే దొరికే బంగారం ఒక గ్రెయిన్. ఈనాటి కొలతలో చెప్పాలంటే దాదాపు 54 కిలోల మట్టికి 65 మిల్లీగ్రాముల బంగారం. ఒక తులంలో 180 గ్రెయిన్లు. అంటే తులం బంగారం కళ్ళ చూడాలంటే పది టన్నుల మట్టి కడగాలి. పెళ్ళికూతురి మెడలోకి పుస్తెలు వచ్చేందుకు మారికుప్పం ఆడవాళ్ళ చేతులు ఎంత కాయలు కాచివుంటాయో మీరే ఊహించుకోండి.

మన పిల్లలకు బడిలో "కోలారు బంగారాన్ని కనుగొన్నది ఎవరు?" అని ప్రశ్న వేస్తే "లెఫ్టినెంట్ వారెన్" అని రాస్తారు. మార్కు కూడా పడుతుంది. కాని వారెన్ రాసిన నివేదికే దానికి వ్యతిరేక సాక్ష్యం. ఆయన వచ్చేనాటికే ఊరిగాం వాళ్ళకు ఆ మట్టి తెలుసు. మారికుప్పం వాళ్ళకు ఆ రాయి తెలుసు. ఏ పొర వెంట పోవాలి, ఎంత లోతున ఆగాలి, ఏ రంగు ఇసుకలో వెతకాలి అన్నది తండ్రి నుంచి కొడుక్కు, తల్లి నుంచి కూతురికి వచ్చిన విద్య. వారెన్ కనుగొన్నది బంగారాన్ని కాదు, బంగారం సంగతి తెలిసిన మనుషులను. వాళ్ళను అడిగాడు, చూశాడు, చూసింది దాచకుండా రాశాడు. ఒక్క లోటు. ఆ మనుషుల పేర్లు చరిత్రలో నిలవలేదు. రాసినవాడి పేరు నిలిచింది. కాగితం మీదికి ఎక్కని తెలివిని లోకం లెక్కలోకి తీసుకోదని మనకు తెలిసిందే.

వారెన్ నివేదిక చదివిన కంపెనీ అధికారులకు పెద్దగా ఆశ పుట్టలేదు. తరువాత అరవై యేళ్ళ పాటు అప్పుడొకరు ఇప్పుడొకరు వచ్చి వెతికారు గాని ఫలితం దక్కలేదు. గుంటల్లో ప్రమాదాలు జరిగాయి. 1859లో భూమి లోపల తవ్వకాలను నిషేధించారు. నిజానికి ఆ నిషేధం తగిలింది ఎవరికి? తాతల నాటి విద్య మీద బతుకుతున్న ఆ పేదవాళ్ళకే.

మళ్ళీ కథ కదిలింది 1871లో. న్యూజిలాండులో మావోరీ జాతివాళ్ళతో జరిగిన యుద్ధంలో పనిచేసి, రిటైరయి, బెంగళూరు దండులో స్థిరపడిన మైకేల్ లవేల్ అనే సైనికుడి చేతికి వారెన్ రాసిన పాత వివరం చిక్కింది. చూశారా, ఈయన కూడా ఐర్లండువాడే. న్యూజిలాండులో బంగారు గనుల సంగతి తెలిసినవాడు. ఎద్దుల బండి కట్టించుకుని బెంగళూరు నుంచి కోలారు వచ్చాడు. 1873లో మైసూరు ప్రభుత్వాన్ని అనుమతి అడిగాడు. అనుమతి వచ్చింది గాని పెట్టుబడి చాలలేదు. కొద్దికాలానికే హక్కులు పెద్ద మనుషుల చేతికి పోయాయి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ రంగంలోకి దిగింది. ఆ తరువాతది మీకు తెలిసిన కె.జి.ఎఫ్. చరిత్రే. ఉత్తర ఆర్కాటు నుంచి, సేలం నుంచి, చిత్తూరు నుంచి కూలీలు వచ్చారు. కార్న్‌వాల్ నుంచి, ఇటలీ నుంచి పనివాళ్ళు వచ్చారు. 1902లో, అంటే వారెన్ వచ్చిన సరిగ్గా నూరేళ్ళకు, శివనసముద్రం జలపాతం నుంచి గనులకు కరెంటు వచ్చింది. యాభై అడుగుల దగ్గర ఆగిన గుంటలు మూడు కిలోమీటర్ల లోతు దాటిపోయాయి. మొత్తం మీద సుమారు 800 టన్నుల బంగారం పైకి వచ్చింది. చివరికి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. సైనైడు దిబ్బలు మాత్రం గాలి వీచినప్పుడల్లా ఆ చరిత్రను మన కళ్ళలో పోస్తూనే వున్నాయి.

ఇంత జరిగినా వారెన్‌కు ఈ బంగారంలో గురిగింజంత వాటా లేదు. ఆయన తన దారిన తాను కొలతలు చేసుకుంటూ పోయాడు. 1804లో బెంగళూరు దగ్గర లాంబ్టన్ సర్వేకు అవసరమైన ఆధార రేఖను కొలిచే పని చేశాడు. 1805లో మద్రాసు నక్షత్రశాలను చూసుకునే అధికారి సెలవు మీద వెళ్ళగా, ఆ స్థానంలో కొన్నేళ్ళు పనిచేశాడు. రాత్రిళ్ళు మేలుకుని నక్షత్రాలు చూశాడు. 1807లో కనబడిన తోకచుక్కను పరిశీలించాడు. మద్రాసు నక్షత్రశాల రేఖాంశాన్ని మళ్ళీ లెక్కగట్టి సరిచేశాడు. దేశం పటం గీయాలంటే ఆ ఒక్క అంకె పునాదిరాయి వంటిది. నెపోలియన్‌తో యుద్ధం జోరుగా సాగుతున్న ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్ళ పటానికి పునాది అంకెను ఇచ్చింది ఒక ఫ్రెంచివాడు!

1815లో నెపోలియన్ ఓడిపోయాడు. ఫ్రాన్సులో పాత రాజవంశం తిరిగి గద్దెనెక్కింది. వారెన్ కూడా ఫ్రాన్సు వెళ్ళాడు. రాజు 18వ లూయీ ఆయన వంశ గౌరవాన్ని గుర్తించాడు. ఇక అక్కడే హాయిగా వుండిపోవచ్చు గదా? వుండలేదు. తిరిగివచ్చాడు. మద్రాసుకు కాదు, లండనుకూ కాదు. మళ్ళీ ఫ్రెంచివాళ్ళ చేతికి వచ్చిన పుదుచ్చేరిలో కాపురం పెట్టాడు. అక్కడ సముద్రం వుంది, ఫ్రెంచి మాట వుంది, మన దేశపు ఎండ వుంది. ఎవరి లెక్కలో చూసినా సగం సగంగా కనబడే మనిషికి పుదుచ్చేరి సరిపోయిందేమో.

ఆ పుదుచ్చేరిలో కూర్చుని ఆయన పూర్తిచేసిన గ్రంథం పేరు "కాలసంకలిత". 1825లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల ముద్రణాలయంలో అచ్చయింది. దొరలకు తెలుగు, తమిళం నేర్పిన కళాశాల అదే. మన సి.పి. బ్రౌను తెలుగు నేర్చుకున్నది కూడా అక్కడే. పుస్తకం ఇంగ్లీషులో వుంది గాని పేరు మాత్రం మనది. దక్షిణ దేశంలోని జనాలు కాలాన్ని ఏయే పద్ధతుల్లో లెక్కిస్తారు అన్నది విషయం.

ఈ సంగతి కోలారు శ్రోతలకు చెబితే వెంటనే అర్థమవుతుంది. మన పల్లెల్లో చైత్ర శుద్ధ పాడ్యమి నాడు ఉగాది. వేపపువ్వు, బెల్లం. అదే కె.జి.ఎఫ్.లో తమిళుల ఇళ్ళల్లో ఏప్రిల్ మధ్యలో చిత్తిరై నెల మొదటి రోజున సంవత్సరాది. ఒకే వీధిలో, ఒకే గోడకు అటూ ఇటూ రెండు కొత్త సంవత్సరాలు. ఎందుకు? మనది చాంద్రమానం. చంద్రుణ్ణి బట్టి నెలలు. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులే. సూర్యుడి లెక్కకన్నా పదకొండు రోజులు తక్కువ. ఆ తేడా పోగుపడి దాదాపు ముప్ఫై రెండు, ముప్ఫై మూడు నెలలకు ఒక అధికమాసం వచ్చి సరిచేస్తుంది. తమిళులది సౌరమానం. సూర్యుడు రాశి మారితే నెల మారుతుంది. అధికమాసం బెడద లేదు. పద్ధతులు వేరయినా ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై సంవత్సరాల పేర్లు మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

మనం పుట్టినప్పటి నుంచి ఈ రెండు పండుగల అరిసెలూ తింటున్నాం గనుక ఇందులో వింత కనబడదు. బయటినుంచి వచ్చినవాడికి ఇది పెద్ద చిక్కు. కోర్టులో దస్తావేజు మీద వేసిన తిథి ఇంగ్లీషు తేదీకి ఏది అవుతుంది? శాసనంలో రాసిన సంవత్సరం ఏది? వారెన్ ఈ సౌరమానం, చాంద్రమానం రెండింటినీ విడివిడిగా తీసుకుని, సూత్రాలతో, పట్టికలతో వివరించాడు. ఇది సరైనది, అది తప్పు అని తీర్పు చెప్పే జోలికి పోలేదు. ఎవరి లెక్క వాళ్ళది, ఆ లెక్క లోపల అది ఎలా నడుస్తుంది అన్నదే ఆయనకు కావలసింది.

అందులో ఒక ఘట్టం ప్రపంచ ప్రసిద్ధి పొందింది. పుదుచ్చేరిలో పంచాంగం గుణించే ఒక తమిళుణ్ణి వారెన్ కలిశాడు. చంద్రగ్రహణం ఎప్పుడు పట్టి ఎప్పుడు విడుస్తుందో లెక్కగట్టి చూపించమన్నాడు. ఆయన కలం పట్టలేదు, కాగితం అడగలేదు. నేల మీద కూర్చుని గవ్వలు పేర్చాడు. గుణకాలు, పట్టికలు అన్నీ నోటికే వచ్చు. అక్షరాలకు అంకెలు కట్టి వాక్యాలుగా అల్లి కంఠస్థం చేసిన విద్య. ఒక్కొక్క వాక్యం తలుచుకుంటూ గవ్వలు జరుపుతూ లెక్క పూర్తిచేశాడు. 1825 మే 31, జూన్ 1 తేదీల మధ్య రాత్రి రాబోయే చంద్రగ్రహణం అది. ఆయన చెప్పిన లెక్కకూ నిజంగా జరిగినదానికీ తేడా ఎంతో తెలుసా? పట్టు సమయానికి నాలుగు నిమిషాలు. మధ్యకాలానికి 23 నిమిషాలు. విడుపుకు 41 నిమిషాలు. గవ్వలతో, నేల మీద, ఒక్క కాగితం ముక్క లేకుండా!

నూటపాతికేళ్ళ తరువాత, 1952లో, ఓటో నోయ్‌గెబావర్ అనే గొప్ప గణిత చరిత్రకారుడు ఈ ఘట్టాన్ని మళ్ళీ వెలికితీసి వ్యాసం రాశాడు. ప్రాచీన బాబిలోనియాలో మట్టి పలకల మీద రాసిన ఖగోళ గణితానికి, ఈ గవ్వల లెక్కకు పోలికలు కనబడ్డాయని చూపించాడు. రెండు వేల యేళ్ళ నాటి ఒక పద్ధతి, దేశాలు దాటి, భాషలు మారి, ఒక పంచాంగకర్త నాలుక మీద సజీవంగా వుందన్నమాట. వారెన్ ఆ రోజు ఆయన ఎదుట కూర్చోకపోతే ఆ సంగతి మనకు తెలిసే దారి లేదు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. ఆ పంచాంగకర్తకు లెక్క వచ్చునే గాని ఆ లెక్క వెనుక సిద్ధాంతం ఒక్క ముక్క కూడా తెలియదని వారెన్ రాశాడు. అందులో దొరతనపు చులకన కొంత వుంది. మారికుప్పం గనివాళ్ళకు కూడా భూగర్భ శాస్త్రం తెలియదు, బంగారం మాత్రం తీయడం తెలుసు. చేతిలో వున్న విద్య, నోట్లో వున్న విద్య తక్కువది అనుకోవడం చదువుకున్నవాళ్ళందరికీ వుండే జబ్బు. మా ఉపాధ్యాయ వర్గానికి ఇంకొంచెం ఎక్కువ. అయినా వారెన్‌లో మెచ్చుకోవలసింది ఏమిటంటే, తాను చులకనగా అనుకున్నదాన్ని కూడా వదిలిపెట్టకుండా, అంకెలతో సహా, ఉన్నదున్నట్టు రాసిపెట్టాడు. ఆయన అభిప్రాయం పాతబడింది. ఆయన రాసిన వివరం పాతబడలేదు.

ఇంకొక సంగతి కూడా దాచకూడదు. ఎర్రకొండ మీద ఆయన పాతించిన జెండా గెలిచినవాళ్ళ జెండా. ఆయన గొలుసు పట్టుకుని కొలిచింది ఓడిపోయిన రాజ్యపు నేలను. సర్వే అన్నది ఏ కాలంలోనైనా వట్టి శాస్త్రం మాత్రమే కాదు. పన్ను ఎంత వేయాలి, సైన్యం ఏ దారిన పోవాలి అన్న ప్రశ్నలకు జవాబు అందులో వుంటుంది. ఆయన నిజాయతీగా రాసిన నాలుగు పుటల పర్యవసానంగా ఈ నేల మీద ఎంత సంపద పుట్టిందో, ఎన్ని ఊపిరితిత్తులు రాతి ధూళితో నిండిపోయాయో రెండూ మనకు తెలుసు. రాసినవాడు ఆ రెండింటినీ చూడలేదు.

1830 ఫిబ్రవరి 9న పుదుచ్చేరిలో వారెన్ కన్నుమూశాడు. మద్రాసులో పుట్టిన ఆయన కొడుకు ఎడ్వార్డ్ కూడా తండ్రి దారిలోనే నడిచాడు. ఫ్రాన్సులో చదివి, ఇంగ్లీషు సైన్యంలో చేరి మన దేశంలో పనిచేశాడు. తరువాత ఫ్రాన్సు వెళ్ళి, ఇంగ్లీషువాళ్ళ పాలనలోని హిందూదేశం గురించి 1840లలో ఫ్రెంచి భాషలో పెద్ద పుస్తకం రాశాడు. రెండు జాతుల మధ్య బతకడం ఆ ఇంట్లో వంశపారంపర్యం అయిపోయినట్టుంది.

అయితే జాన్ వారెన్ ఎవరు? ఫ్రెంచివాడా, ఇంగ్లీషువాడా, ఐర్లండువాడా? ఆయనను ఎవరూ పూర్తిగా తమవాడని చెప్పుకోలేదు. అందుకే కాబోలు ఫ్రాన్సులోనూ, ఇంగ్లండులోనూ ఆయన పేరు తెలిసినవాళ్ళు తక్కువ. కాని ఆయన చేసిన రెండు మంచి పనులూ, మట్టి సంగతి రాయడం, కాలం సంగతి రాయడం, ఎలా సాధ్యమయ్యాయో ఆలోచించండి. సొంత ఊరున్నవాడు తన ఊరి తూకంతో, తన ఇంటి గడియారంతో లోకాన్ని కొలుస్తాడు. వారెన్‌కు ఆ సౌకర్యం లేదు. ఎక్కడికి వెళ్ళినా "మీరు దీన్ని ఎలా కొలుస్తారు?" అని అక్కడివాళ్ళను అడగక తప్పలేదు. అడిగి అడిగి అదే ఆయన విద్య అయింది.

మనం హద్దు మీద బతుకుతున్నవాళ్ళం. మనకు ఊరు వుంది, ఇల్లు వుంది, ఆయనలాగా దేశం పోగొట్టుకోలేదు. అయినా పక్కింటివాళ్ళ మాట వినడం, వాళ్ళ పండుగ లెక్క తెలుసుకోవడం మనకు చిన్నప్పటి నుంచి వచ్చిన చదువు. మీది ఏ వైపు అని ఇకమీదట ఎవరైనా అడిగితే సిగ్గుపడి నసగవలసిన పనిలేదు. "రెండు ఉగాదులు వున్న వైపు" అని చెప్పవచ్చు.

చివరగా ఒక్క మనవి. గనుల్లో పనిచేసిన పెద్దలు మన మధ్య ఇంకా కొందరు మిగిలివున్నారు. ఏ రాయిని చూస్తే బంగారం వున్నట్టు, ఏ చప్పుడు వింటే కప్పు కూలబోతున్నట్టు, ఏ వాసన వస్తే పైకి పరుగెత్తాలి అన్నది వాళ్ళకు తెలుసు. అది ఏ పుస్తకంలోనూ లేదు. 1802లో ఊరిగాం ఆడవాళ్ళ పేర్లు అడిగి రాసుకున్నవాళ్ళు లేకపోయారు. ఈసారైనా, మీ ఇంట్లో అలాంటి తాతగారో అవ్వగారో వుంటే, ఒక నోటుపుస్తకం తీసుకుని పక్కన కూర్చోండి. వాళ్ళు చెప్పేది వాళ్ళ మాటల్లోనే, తెలుగయినా, తమిళమయినా, కన్నడమయినా, రాసిపెట్టండి. పైన మొదటి పంక్తిలో వాళ్ళ పేరు రాయడం మరచిపోకండి.